వద్దని వేసిన ఓటు

రాస్ మిల్స్,
ఏప్రిల్ 29

అన్నయ్యకి,

ఫోన్ చేస్తే సగం మాట వినకుండానే పెట్టేస్తున్నావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. కాగితం నోరు మధ్యలో మూయించలేవు కదా. చింపెయ్యాలనుకుంటే చదివాకే చింపెయ్.

ఈస్టర్ రోజు భోజనాల దగ్గర నువ్వన్న మాట నేను మర్చిపోలేదు. "స్కూల్లో సగం మంది కుర్చీలు వెచ్చబెట్టడానికే వస్తారు" అన్నావు. బల్లకి ఇటు నేను ఉన్నాను, అటు నీ కూతురు నీకోల్ ఉంది. ఇద్దరం పనిచేసేది ఆ స్కూల్లోనే. ఒడెట్ వదిన పళ్ళెం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ ఇంట్లో నీకు ఎదురు చెప్పే అలవాటు ఎవరికీ లేదు.

అది ఇంట్లో మాట, పోనీ అనుకున్నాను. ఇప్పుడు దాన్ని రోడ్డు మీదకు తెచ్చావు. నాన్న దున్నిన పొలం మూలలో తలుపంత బోర్డు పెట్టావు. "చాలు. జూన్ పదిన స్కూలు బడ్జెట్‌కి వద్దని ఓటెయ్యండి." రోజూ పొద్దున ఏడింటికి నేను దాని ముందు నుంచే వెళ్ళాలి.

పిల్లలు తగ్గారని రాష్ట్రం ఇచ్చే వాటా తగ్గించింది. మహమ్మారి రోజుల్లో వాషింగ్టన్ నుంచి కేంద్రం పంపిన డబ్బు అయిపోయింది. ఆ లోటు మన నాలుగు ఊళ్ళే పూడ్చుకోవాలి. మీరు వద్దంటే మొదట మూసేది నా గది. రోజుకి ముప్పై ఒక్క మంది వస్తారు నా దగ్గరికి, అక్షరాలు కూడబలుక్కోలేని పిల్లలు. పోయిన వారం ఒక పిల్ల పేజీ మొత్తం చదివేసి, "ఇది చదివింది నేనేనా టీచర్?" అని అడిగింది. దానికి నువ్వేం చెబుతావో ఆలోచించు.

బోర్డు తీసెయ్.

లూసీల్

*

సెయింట్ ఎల్జియర్,
మే 6

లూసీల్ టీచరమ్మకి,

నీ ఉత్తరం చింపలేదు. ఒకసారి నేను చదివి, ఇంకోసారి ఒడెట్ చేత చదివించుకున్నాను, వచ్చిన కోపం చాల్లేదేమోనని.

నీ పిల్లల సంగతి చెప్పావు. మా సంగతి విను. ఐదేళ్ళలో భూమి పన్ను మూడుసార్లు పెంచారు. బంగాళాదుంప ధర మాత్రం నీ పెళ్ళినాటి దగ్గరే ఉంది. పక్క పొలం మిషో వాళ్ళు అమ్ముకుని పోయారు. వెర్జీ ముసలమ్మకి ఎనభై మూడు. చలికాలమంతా రెండు గదులకి తాళం వేసి ఒక్క గదిలోనే పొయ్యి వెలిగించుకుంది. ఆవిడ కట్టే పన్నుతోనే మీ ఆఫీసులో సూపరింటెండెంటుకి రెండో అసిస్టెంటు వచ్చాడు, వాడికి కారు వచ్చింది. స్కూల్లో పిల్లలు సగమయ్యారు. ఆవులు సగం అమ్మేసి పాలేర్లనందరినీ ఉంచుకునే రైతుని నేనెక్కడా చూడలేదు.

ఇంకోటి. నేను తొమ్మిదో తరగతిలో బడి మానేశాను, గుర్తుందా? నాన్న నడుము విరగ్గొట్టుకున్న ఏడాది. "నార్మండ్ పొలం చూసుకుంటాడు, లూసీల్ చదువుకుంటుంది" అని అమ్మ నిలబడి తీర్పు చెప్పింది. నన్ను అడగలేదు. నువ్వు టీచరు చదువు చదివింది నేను తవ్విన దుంపలతో. నాకు చదువు విలువ తెలీదని నువ్వు చెప్పకు. దాని వెల ఎంతో ఆ ఇంట్లో నాకొక్కడికే తెలుసు.

బోర్డు తీయను. రెండు వైపులా కనపడేలా ఇంకోటి రాస్తున్నాను. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు కూడా చదువుకోవచ్చు. చదవడం నేర్పే దానివి కదా.

నార్మండ్

*

రాస్ మిల్స్,
జూన్ 14

అన్నయ్యకి,

గెలిచావు. డెబ్బై రెండు ఓట్ల తేడా. కమ్యూనిటీ హాలు బయట నీ ట్రక్కు చుట్టూ చేరి మీరంతా చేతులు కలుపుకోవడం నేను చూశాను. నువ్వూ నన్ను చూశావు. టోపీ సర్దుకుని అటు తిరిగావు.

నువ్వు ఏం గెలిచావో చెబుతాను, లెక్క నీ దగ్గర ఉంటుంది. సంగీతం టీచరుని తీసేశారు. నర్సు ఇక వారానికి రెండు రోజులే, మిగతా మూడు రోజులు పిల్లలకి జ్వరం రాకూడదు. నలుగురు ఆయాలు పోయారు. రెండో తరగతి టీచర్లలో ఒకావిడ రిటైరవుతోంది, ఆ చోటు నింపరట. రెండు సెక్షన్లూ కలిపేస్తారు. నా గది మూసేశారు. నాకు ఆ సంగతి తపాలాలో వచ్చింది. ఇరవై తొమ్మిదేళ్ళకి నాలుగు లైన్లు. పేరులో ఒక అక్షరం తప్పు.

ఆఫీసులో రెండో అసిస్టెంటు కుర్చీ చెక్కు చెదరలేదు. నువ్వు రాయి విసిరింది ఎవరి మీదకో, తగిలింది ఎవరికో చూసుకో.

లూసీల్

*

సెయింట్ ఎల్జియర్,
జూన్ 21

లూసీల్‌కి,

నీ గది మూసేస్తారని నువ్వు రాసినా నేను నమ్మలేదు. పై వాళ్ళని తగ్గిస్తారనుకున్నాను. అది వాళ్ళ దొంగబుద్ధి, నా తప్పు కాదు. జూలైలో మళ్ళీ ఓటింగ్ పెడతారట. మళ్ళీ వద్దనే అంటాం, కుర్చీలు కదిలేదాకా.

ఈ ఉత్తరం అందుకు కాదు. ఒడెట్ రాత్రి భోజనం దగ్గర ఒక మాట చెప్పింది. మీ యూనియన్ ఒప్పందం ప్రకారం, పోస్టు పోయిన పాత టీచరు తనకంటే తర్వాత వచ్చిన వాళ్ళ క్లాసు తీసుకోవచ్చట. రెండో తరగతిలో మిగిలింది మా నీకోల్. దానికి మూడేళ్ళ సర్వీసు. నీకు ఇరవై తొమ్మిది.

"మీ చెల్లెలు తీసుకుంటుంది, చూడండి" అంది ఒడెట్.

"లూసీల్‌కి నా మీద ఎంత కోపమున్నా ఆ పని చెయ్యదు. నీకోల్‌కి పలక పట్టించింది అదే" అన్నాను. పందెం కాశాను కూడా.

నిజమేమిటో నువ్వే రాయి.

నార్మండ్

*

రాస్ మిల్స్,
జూన్ 27

నార్మండ్ గెరెట్ గారికి,

మీ పందెం మీరు ఓడిపోయారు. నిన్న ఆఫీసుకి వెళ్ళి సంతకం పెట్టి వచ్చాను. ఆగస్టు నుంచి రెండో తరగతి నాది.

స్కూల్లో మనుషులు ఎక్కువయ్యారని బోర్డు రాసింది మీరు. ఒకరు తగ్గారు. సంతోషించండి.

లూసీల్ ట్రెంబ్లే

*

సెయింట్ ఎల్జియర్,
జూలై 19

లూసీల్,

మూడు వారాలు ఆగాను, చేతికి వచ్చింది రాసేస్తానని. ఆగినా లాభం లేకపోయింది.

నువ్వు నా మీద కక్ష తీర్చుకోవాలనుకుంటే నా ట్రక్కు టైర్లు కోసినా ఊరుకునేవాణ్ణి. సొంత మేనకోడలి పొట్ట కొట్టావు. ఇరవై ఆరేళ్ళ పిల్ల. ఊళ్ళో ఇల్లు అద్దెకి తీసుకుని గోడలకి తనే రంగులు వేసుకుంది. నీకు ఇంకో రెండేళ్ళలో పెన్షను వస్తుంది, అది కూడా ముందుగా తీసుకోవచ్చట, నేను కనుక్కున్నాను. మీ ఆయన రెజినాల్డ్‌కి మిల్లు పెన్షను ఉంది. మీ ఇద్దరికీ ఏం తక్కువైంది?

నీకోల్ మాత్రం "నాన్నా, వదిలెయ్, అత్తని ఏమీ అనకు" అంటుంది. అది మంచిది కాబట్టి అలా అంటుంది. న్యూ హాంప్‌షైర్‌లో ఏదో స్కూల్లో చేరుతోందట. ఆరు గంటల దూరం. ఒడెట్ వంటింట్లో నిలబడి పిండి కలుపుతూ ఏడుస్తోంది, అట్లు పోస్తూ ఏడుస్తోంది. నాతో మాట్లాడ్డం మానేసింది. దానికీ నీకే థాంక్స్ చెప్పాలి.

దుంపల గోదాం దగ్గర అందరికీ చెప్పాను నువ్వు చేసింది. చర్చి మెట్ల మీద కూడా చెప్పాను. ఊరంతా తెలియాలి.

రెండోసారి కూడా ఓడించాం. నవంబరు ఎన్నికల్లో స్కూలు బోర్డు సభ్యుడిగా నేనే నిలబడుతున్నాను. లోపలికి వెళ్ళి ఆ ఆఫీసు కాగితాలన్నీ బయటికి లాగుతాను. తిన్న వాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ చదువుతాను. అప్పటిదాకా నువ్వు నాకు రాయక్కర్లేదు. తర్వాత కూడా అక్కర్లేదు.

నార్మండ్

*

రాస్ మిల్స్,
సెప్టెంబరు 24

అన్నయ్యకి,

రాయొద్దన్నావు. నీ మాట వినాల్సిన అవసరం నాకు లేదు.

కోతల సెలవులు ఇచ్చారు కాబట్టి టైం దొరికింది. ఈ మూడు వారాలూ మా పిల్లల్లో పెద్దవాళ్ళు కొందరు నీ పొలంలోనే దుంపలు ఏరుతూ ఉంటారు. వాళ్ళ తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ నా గదిలో ఉన్నారు, ఇరవై ఏడు మంది. పందొమ్మిది మందికి కట్టిన గది అది. కిటికీ కింద నేల మీద నలుగురు కూర్చుంటారు.

ఆగస్టులో మూడోసారి బడ్జెట్ నెగ్గింది కదా, దాంతో రెండో తరగతికి ఇంకో టీచరుని ఇచ్చారు. కాగితం మీద ఇచ్చారు. ముందు నీకోల్‌నే పిలిచారు, రానంది. తర్వాత పేపర్లో మూడుసార్లు ప్రకటన వేశారు. ఒక్క అర్జీ రాలేదు. ఒక్క వేసవిలో రెండుసార్లు ఊరంతా చేరి "నువ్వు వద్దు" అని ఓటేసే చోటికి ఎవరొస్తారు? పై వాళ్ళని బెదిరించాననుకున్నావు నువ్వు. రాబోయే వాళ్ళని బెదరగొట్టావు.

ఇప్పుడు నీకోల్ సంగతి. చెప్పనని దానికి మాటిచ్చాను. మొన్న ఆదివారం చర్చి మెట్ల మీద వెర్జీ ముసలమ్మ నన్ను చూసి మొహం తిప్పుకుంది. ఎనభై మూడేళ్ళావిడ చేత కూడా మొహం తిప్పించావు. కాబట్టి మాట తప్పుతున్నాను.

నేను సంతకం పెట్టకముందు, జూన్ ఇరవై నాలుగున, నీకోల్ మా ఇంటికి వచ్చింది. లోపలికి కూడా రాలేదు, వరండాలోనే నిలబడి చెప్పింది.

"అత్తా, నా క్లాసు నువ్వు తీసుకో."

"నీకేమైనా పిచ్చా? మీ నాన్న నన్ను బతకనివ్వడు" అన్నాను.

"నువ్వు తీసుకున్నా, తీసుకోకపోయినా నేను వెళ్ళిపోతున్నాను. మే నెలలోనే అప్లై చేశాను. రోజూ పొద్దున ఆ బోర్డు ముందు నుంచే వెళ్ళాలి అత్తా. అక్షరాలు నాన్నే గీసి రంగు వేశాడు, నాకు ఆ చేతిరాత తెలుసు. క్లాసులో పిల్లలు అడుగుతున్నారు, 'మిస్, మీ నాన్నకి మీరంటే ఇష్టం లేదా' అని. ఏం చెప్పను?"

"ఆ మాట మీ నాన్నతోనే చెప్పు."

"చెబితే ఏమంటాడో తెలుసు. 'నిన్ను కాదే, వాళ్ళని' అంటాడు. నేను వాళ్ళలోదాన్నే అని ఆయనకి ఎప్పటికీ అర్థం కాదు."

ఇదీ జరిగింది. నేను కొట్టిన పొట్ట ఇది. గోదాం దగ్గర నిలబడి ఈ ముక్క కూడా చదివి వినిపించు.

లూసీల్

*

సెయింట్ ఎల్జియర్,
డిసెంబరు 8

లూసీల్‌కి,

ఎవరికీ ఏమీ చదివి వినిపించలేదు. నీకోల్‌కి ఫోన్ చేశాను. "నిజమేనా?" అని అడిగాను.  "నాన్నా, ఇక్కడ మంచు ఇంకా పడలేదు" అంది. నాకు జవాబు అందింది. వెర్జీ దగ్గరికి వెళ్ళి, నేను తప్పు చెప్పానని చెప్పాను. గోదాం దగ్గర కూడా చెప్పాను. నీకు చెప్పమని నువ్వు అడగలేదు, నేను చెప్పను.

నవంబరులో గెలిచిన సంగతి నీకు తెలిసే ఉంటుంది. నువ్వు నాకు ఓటెయ్యలేదని నాకూ తెలుసు. మొదటి రోజే నేను అడిగింది ఒక్కటే. "మొత్తం కాగితాలు నా ముందు పెట్టండి." ఆఫీసులో లెక్కలు చూసే జెరాల్డిన్ అనే ఆవిడ మూడు అట్టపెట్టెలు తెచ్చి బల్ల మీద పెట్టింది. "కాఫీ కావాలంటే ఇంటి నుంచి తెచ్చుకోండి, ఇక్కడ మానేశాం" అంది. మూడు వారాలు కూర్చున్నాను. తెలియని మాట ఉంటే ఆవిణ్ణే అడిగాను. నవ్వలేదు, చెప్పింది.

దొంగ ఎవరో పట్టుకుందామని వెళ్ళాను లూసీల్. నాలుగు ఊళ్ళకీ మాటిచ్చాను, పేర్లు చదువుతానని. పేర్లు లేవు. ఆ రెండో అసిస్టెంటు జీతం మన పన్నులోంచి రాదు. అవిటి పిల్లల కోసమని వాషింగ్టన్ నుంచి విడిగా వస్తుంది, ఇంకో పనికి వాడకూడదు. కారు పన్నెండేళ్ళనాటిది, నా ట్రక్కే నయం. బాయిలరు పాతది. బస్సులు పాతవి. ఉన్నదంతా మనుషుల జీతాలు, బాయిలరుకి పోసే నూనె, బస్సుల డీజిలు. అంతే. మూడో అట్టపెట్టె అడుగున కూడా అంతే.

వచ్చే ఏడాదికి రాష్ట్రం వాటా ఇంకా తగ్గించింది. నిన్నటి మీటింగులో సూపరింటెండెంటు ఒక కాగితం ఇచ్చాడు. తొమ్మిది పేర్లు. అందులోంచి నలుగురిని తీసెయ్యాలట. "గెరెట్ గారూ, మీరే చెప్పండి, ఎక్కడ అనవసరమో మీకు బాగా తెలుసు కదా" అన్నాడు.  నా వెనక కూర్చున్నది నాకు ఓటేసిన వాళ్ళే. నా నోట ఒక్క పేరూ రాలేదు. "జనవరిలో చెబుతాను" అన్నాను. ఎవడో నవ్వాడు.

మొదటి పేరు నీది. జీతం ఎక్కువ కాబట్టి.

నువ్వు ఇది చదివి సంతోషిస్తావని తెలిసే రాస్తున్నాను. సంతోషించు. కానీ ఒక్కటి విను. నా పన్ను తగ్గలేదు, వెర్జీ గదుల తాళాలు తీయలేదు. ఆ లోటు నేను కల్పించింది కాదు. రేపు ఓటు పెట్టినా ఏం వెయ్యాలో నాకు తెలీదు.

నార్మండ్

*

రాస్ మిల్స్,
డిసెంబరు 17

అన్నయ్యకి,

సంతోషం కలగలేదు. కలుగుతుందనే అనుకున్నాను, రెండుసార్లు చదివి చూశాను.

నా పేరు రాసుకో. జనవరి పదితో నేను మానేస్తున్నానని ఈరోజే ఆఫీసుకి కాగితం ఇచ్చాను. నీ మీద జాలితో కాదు. రెజినాల్డ్‌కి జనవరి తొమ్మిదికి అరవై ఐదు నిండుతాయి. ఆ వయసు వాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే వైద్యం అతనికి ఆ నెల ఒకటో తేదీ నుంచే మొదలవుతుంది. అప్పటిదాకా అతని మందులన్నీ నా స్కూలు ఇన్సూరెన్సు మీదే. వెన్నునొప్పి అని ఊళ్ళో చెప్పాం. వెన్ను కాదు, రక్తంలో క్యాన్సరు. పోయిన ఫిబ్రవరి నుంచీ నెలకి రెండు మంగళవారాలు బ్యాంగర్ ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. మిల్లు పెన్షనుతో ఒక్క సూది కూడా రాదు.

ఇది నీకోల్‌కి ముందే తెలుసు. ఆ రోజు వరండాలో అది చెప్పిన దాంట్లో సగమే నీకు రాశాను. మిగతా సగం, "మావయ్య మందులు ఆగకూడదు" అని. నీకెందుకు చెప్పలేదని అడుగుతావు. చెబితే బోర్డు తీసేసేవాడివి. నా మొగుడి జబ్బు చూసి తీయడం నాకు అక్కర్లేదు. ఆ పిల్లల్ని చూసి తీయాలి. అంత పొగరు మన ఇద్దరికీ ఒక్క చోటి నుంచే వచ్చింది.

సంవత్సరం మధ్యలో ఇరవై ఏడు మందిని వదిలేసి వెళ్తున్నాను. వాళ్ళని ఎవరు చూస్తారో తెలీదు. అది నేను చేస్తున్న తప్పు, నీది కాదు. కానీ అతని పక్కన ఎవరో ఒకరు ఉండాలి.

ఇంకా ముగ్గురు కావాలి నీకు. ఎవరన్నది నేను చెప్పను, అది నువ్వు కోరి తెచ్చుకున్న పని. ఒక్కటే చెబుతాను. వాళ్ళకి తపాలాలో పంపించకు. ఇంటింటికీ వెళ్ళు. టోపీ తీసి, మొహం చూసి, నోటితో చెప్పు.

లూసీల్

*

సెయింట్ ఎల్జియర్,
జనవరి 22

లూసీల్‌కి,

సోమవారం స్కూలు బోర్డు మీటింగులో ముగ్గురి పేర్లు చదివాను. దానికి ముందు శనివారమే ముగ్గురి ఇళ్ళకీ వెళ్ళాను.

లైబ్రరీ చూసే డెనీస్ తలుపు పూర్తిగా తీయలేదు. సందులోంచే విని, "మీ బోర్డు పక్కన ఫొటో దిగాను నేను, జూన్‌లో. నేనూ వద్దనే వేశాను" అంది. తలుపు వేసుకుంది. 

రాత్రి కాపలా, ఊడ్చే పని చేసే అర్మాండ్ నన్ను లోపలికి రానిచ్చాడు, కూర్చోమనలేదు. మేమిద్దరం ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నాం. "పందొమ్మిదేళ్ళుగా ఆ బాయిలరుని నేనొక్కణ్ణే మండించగలను. వచ్చే చలికాలం నువ్వే వెళ్ళి వెలిగించు" అన్నాడు. తిట్టాడు కూడా. మన ఇళ్ళలో మాట్లాడే ఫ్రెంచిలో తిట్టాడు, బాగా తిట్టాడు. విన్నాను.

మూడో ఇల్లు వంటావిడ బ్లాంష్‌ది. పిండి చేతులతోనే తలుపు తీసింది. టోపీ తీసి చెప్పాను. మొత్తం విని, "జూన్ దాకా ఉన్నట్టేనా?" అని అడిగింది.

"జూన్ దాకా ఉంటావు."

"అయితే సోమవారం నూట నలభై మందికి సూప్ చెయ్యాలి. క్యారెట్లు తరగాలి. ఊరికే నిలబడ్డావుగా, లోపలికి రా."

తరిగాను. రెండు గంటలు.  వచ్చేటప్పుడు కత్తి కడిగి పెట్టమంది.

ఇంటికి వచ్చి ఒడెట్‌కి అంతా చెప్పాను, రెజినాల్డ్ సంగతి కూడా. ఏడు నెలల తర్వాత నా వైపు చూసి మాట్లాడింది. మాట్లాడింది అంటే, తిట్టింది.

ఆదివారం మధ్యాహ్నం మేమిద్దరం రెజినాల్డ్‌ని చూడ్డానికి వస్తున్నాం. మాంసం కూరిన రొట్టె ఒడెట్ చేస్తుంది. మంగళవారాలు బ్యాంగర్‌కి ట్రక్కు నేను తోలుతాను, మంచులో నీ డ్రైవింగు నాకు తెలుసు. ఇది రాజీ అనుకోకు. నీ మీద కోపం అలాగే ఉంది, నీకూ ఉండాలి. నన్ను చూడలేనంటే ఆ టైంకి ఎక్కడికైనా వెళ్ళు. నేను వచ్చేది అతని కోసం.

వెళ్ళకపోతే మాత్రం కాఫీ చిక్కగా పెట్టు.

నార్మండ్